రెండు గడ్డలు

తెలుగులో గడ్డ అన్న మాటకు చాకిరీ ఎక్కువ. ఉల్లి ఒక గడ్డ, ఆలు ఒక గడ్డ, నాగలికి అడ్డంపడే మట్టిపెళ్ళ ఒక గడ్డ, పుట్టిన నేల ఒక గడ్డ. ఆస్పత్రి వరండాలోకి అడుగుపెడితే ఇదే మాట ఒకేసారి రెండు పనులు చేస్తుంది. "కడుపులో గడ్డ ఉందమ్మా" అని ఒకరోజు డాక్టరు చెబుతాడు. నెల తిరక్కుండా ఆ మనిషికి కాలు వాస్తుంది, స్కానింగు తీస్తారు, "రక్తం గడ్డకట్టింది" అని ఇంకో డాక్టరు చెబుతాడు. ఇంటికి ఫోన్ చేసిన కొడుకు నోట్లో రెండు గడ్డలూ కలిసిపోతాయి. "అయితే ఆ గడ్డే కాలికి పాకిందా నాయనా?" అని ఊళ్ళో ఉన్న మేనత్త అడుగుతుంది.

మేనత్త అడిగింది తప్పే. కానీ పూర్తిగా తప్పు కాదు. కాలిలో ఉన్నది క్యాన్సరు కాదు, సిరలో పేరుకున్న రక్తం. అయితే అది అక్కడ పేరుకోవడానికి కడుపులో గడ్డ కారణమై ఉండొచ్చు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని వైద్యులు గట్టిగా చెప్పి 160 ఏళ్ళయింది. చుట్టరికం తెలిశాక కూడా 70 ఏళ్ళపాటు చేయగలిగింది ఏమీ లేకపోయింది. చేయగలిగింది దొరికిన తర్వాత, ఆ చేసే పని మెల్లమెల్లగా డాక్టరు చేతిలోంచి జారి, కొడుకో కూతురో చేతిలోకి వచ్చి పడింది. ఈ కథ అదే.

పారిస్‌లో నోత్రదామ్ చర్చి పక్కనే ఓతెల్ ద్యూ అనే పాత ధర్మాసుపత్రి ఉంది. 19వ శతాబ్దం నడుమ అక్కడ అర్మాన్ త్రూసో పాఠం చెబుతాడంటే హాలు కిటకిటలాడేది. మంచం మీది రోగిని చూసి, ఆ రోగి గురించే మాట్లాడడం ఆయన పద్ధతి. ఆ పాఠాలను గుదిగుచ్చి పుస్తకం వేశారు. అందులో ఒకదాని లాటిన్ పేరును తెలుగు చేస్తే 'తెల్లగా, నొప్పిగా వాచే కాలు' అవుతుంది.

ఆ జబ్బు ఐరోపా జనానికి కొత్తదేం కాదు. కాన్పయిన కొన్నాళ్ళకు కొందరు బాలింతలకు ఒక కాలు మాత్రం పొంగి, తెల్లగా నిగనిగలాడుతూ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పెట్టేది. బిడ్డ తాగని పాలు కాలిలోకి దిగిపోయాయని నమ్మి దాన్ని 'పాలకాలు' అనేవారు. నవ్వుకోనక్కర్లేదు. తెల్లటి కాలు, పాలిచ్చే తల్లి, రెండూ ఒకే మంచం మీద కనబడుతుంటే ఎవరికైనా అదే తడుతుంది.

త్రూసో గమనించింది వేరు. ఇదే కాలు కాన్పులతో పనిలేని మగవాళ్ళలోనూ, ముసలివాళ్ళలోనూ కనబడుతోంది. వాళ్ళలో చాలామందికి లోపలెక్కడో క్యాన్సరు ఉంటోంది. 1865 నాటికి ఆయన దాన్ని ఒక గుర్తుగా వాడుకోవడం మొదలుపెట్టాడు. పొట్టలో ఏదో ఉంది, అది మామూలు పుండో క్యాన్సరో తేలడం లేదు. ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా 30 ఏళ్ళుంది. చెయ్యి పెట్టి నొక్కి చూడడమే పరీక్ష. అలాంటప్పుడు రోగికి కాలో చెయ్యో ఇలా వాచిందంటే ఇక అనుమానం అక్కర్లేదు, క్యాన్సరే అని చెప్పాడు. క్యాన్సరు రోగుల సిరల్లో గడ్డలను 1823లోనే బూయో అనే ఇంకో ఫ్రెంచి వైద్యుడు చూశాడు. కానీ చూడడం వేరు, చూసినదాన్ని పదిమందికి అక్కరకొచ్చే గుర్తుగా మలచడం వేరు. పేరు త్రూసోకే దక్కింది.

పేరుతో పాటు జబ్బు కూడా దక్కింది. 1867 కొత్త సంవత్సరం రోజున ఆయన తన శిష్యుడు పీటర్‌కు తన ఎడమ చెయ్యి చూపించాడు. అప్పటికే కొంతకాలంగా పొట్టలో బాధ. రాత్రికి రాత్రి చేతి సిర వాచింది. తన జబ్బేమిటో ఇక సందేహం లేదనీ, తన పని అయిపోయిందనీ ఆయనే చెప్పాడు. ఆ జూన్ 23న పొట్ట క్యాన్సరుతో పోయాడు.

తాను నేర్పిన పాఠాన్ని తన చేతి మీదే చదువుకున్న ఈ ఘట్టాన్ని వైద్యులు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. అందులో నాటకం ఉంది మరి. ఆ నాటకం మధ్యలో ఒక సంగతి మరుగున పడుతుంది. వాచిన సిరను చూసి ఆయన చేయగలిగింది అర్థం చేసుకోవడం ఒక్కటే. ఆ గడ్డను ఆపే మందు ఆనాటి ప్రపంచంలో ఎక్కడా లేదు. గడ్డ అంటే అప్పుడు జబ్బు కాదు, కబురు. అది చావు కబురు.

ఈ కబురు ఎలా పుడుతుందన్నది కొంతవరకు బెర్లిన్‌లో తేలింది. కణం నుంచే కణం పుడుతుందని బడిలో చదువుకున్నప్పుడు వినబడే పేరు రుడాల్ఫ్ విర్కోది. ఊపిరితిత్తుల నాళాల్లో దొరికే గడ్డలు చాలావరకు అక్కడ పుట్టినవి కావనీ, కాళ్ళ సిరల్లో పుట్టి, తెగి, రక్తంతో కొట్టుకొచ్చి అక్కడ అడ్డంపడ్డవనీ ఆయన 1840ల చివర్లో నిరూపించాడు. థ్రాంబోసిస్, ఎంబోలిజం అని ఇవాళ డాక్టర్లు అలవోకగా అనే మాటలు ఆయన వాడుకలో పెట్టినవే. ప్రవాహం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తమే పేరుకునే గుణానికి రావడం అన్న మూడు కారణాల సూత్రానికి కూడా తర్వాతివాళ్ళు ఆయన పేరే పెట్టారు.

గోదావరి కాలవల కింద వ్యవసాయం చేసినవాళ్ళకు ఈ మూడూ ఒకరు చెప్పక్కర్లేదు. నీరు నిలిచినా, గట్టు దెబ్బతిన్నా, నీళ్ళలోనే ఒండ్రు ఎక్కువైనా కాలవ పూడుతుంది. క్యాన్సరు మూడు పనులూ ఒకేసారి చేస్తుంది. లోపలి గడ్డ పెరిగి సిరను నొక్కుతుంది, మనిషి మంచాన పడి కదలిక తగ్గుతుంది. ఆపరేషనూ, కీమో మందులూ, వాటికోసం సిరలో వేసిన గొట్టమూ గోడను గీరుతాయి. ఇక క్యాన్సరు కణాలు రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తామే వదులుతాయి. అందుకే మామూలు మనుషులతో పోలిస్తే క్యాన్సరు ఉన్నవారికి ఈ ముప్పు నాలుగు నుంచి ఏడు రెట్లు ఎక్కువ. క్లోమం, పొట్ట, మెదడు క్యాన్సర్లలో మరీ ఎక్కువ. మందు కోసం వెళ్ళిన ఆస్పత్రిలోనే ఈ రెండో గడ్డ ఎందుకొచ్చిందని కుటుంబాలు నిలదీస్తుంటాయి. చికిత్స కూడా ఒక కారణమేనన్న జవాబు నిజమే కానీ, ఆ క్షణంలో ఎవరికీ రుచించదు.

మందు లేని రోజుల్లో ఏం చేసేవారు? కాలిని దిండ్ల మీద ఎత్తిపెట్టి, కట్టుకట్టి, వారాల తరబడి కదలొద్దనేవారు. జలగలు పట్టించేవారు. చెడు రక్తం పీల్చేస్తుందని జలగను నమ్మడం సుశ్రుతుడి నాటి నుంచీ మనకూ ఉన్నదే. తమాషా ఏమిటంటే, 1884లో హేక్రాఫ్ట్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త జలగ నోట్లో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉందని కనిపెట్టాడు. అంటే వైద్యులు శతాబ్దాలుగా సరైన పురుగునే తెచ్చి, అది తాగే రక్తాన్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. అది వదిలే ఉమ్మిని ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి మెట్టు అమెరికాలోని బాల్టిమోర్‌లో, అదీ పొరపాటున. జే మెక్లీన్ కాలిఫోర్నియా కుర్రాడు, చదువుకు డబ్బు లేక గనుల్లో కూలికి కూడా వెళ్ళినవాడు. 1915లో జాన్స్ హాప్కిన్స్‌లో వైద్య విద్యార్థిగా చేరి, విలియం హోవెల్ అనే పెద్ద ప్రొఫెసరు దగ్గర పని అడిగాడు. రక్తాన్ని గడ్డకట్టించే ఒక పదార్థాన్ని శుద్ధి చేయమని ఆయన పని ఇచ్చాడు. గుండె నుంచీ కాలేయం నుంచీ తీసిన సారాలను కుర్రాడు నిల్వ ఉంచి మళ్ళీ మళ్ళీ పరీక్షించాడు. కొన్నాళ్ళకు అవి గడ్డకట్టించడం మానేశాయి సరికదా, గడ్డకట్టనివ్వడమే మానేశాయి. పిల్లి రక్తం ఉన్న గాజుపాత్రలో ఆ సారం కలిపి ప్రొఫెసరు బల్ల మీద పెట్టి, గడ్డకట్టినప్పుడు పిలవండి అని వచ్చేశానని మెక్లీన్ తర్వాత రాసుకున్నాడు. పిలుపు రాలేదు.

ఇది 1916 మాట. రెండేళ్ళకు హోవెల్ ఇలాంటి గుణమే ఉన్న పదార్థానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. గ్రీకులో కాలేయానికున్న మాట నుంచి వచ్చిన పేరది. మెక్లీన్‌కు దొరికిందీ, ఈరోజు మనం హెపారిన్ అనేదీ ఒకే పదార్థం కావన్న వాదన ఉంది. ఎవరు కనిపెట్టారన్న పంచాయతీ మెక్లీన్ చనిపోయాక కూడా తెగలేదు. రోగుల వైపు నుంచి చూస్తే ఆ తగవు కంటే టొరాంటోలో జరిగిన మోటు పనే ముఖ్యం. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకడైన చార్లెస్ బెస్ట్ అక్కడ 1920ల చివర్లో హెపారిన్‌ను శుద్ధి చేయించే పని మొదలుపెట్టాడు. కబేళాల నుంచి పశువుల కాలేయాలు, తర్వాత ఊపిరితిత్తులు తెప్పించి కుళ్ళబెట్టేవారు. ఆ కంపుకి చుట్టుపక్కలవాళ్ళు ఏమైపోయి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ కంపులోంచే మనిషి నరానికి ఎక్కించగలిగినంత శుభ్రమైన మందు వచ్చింది. 1935లో టొరాంటోలో దాన్ని రోగులకు ఇవ్వడం మొదలైంది. త్రూసో పాఠానికి అది 70వ ఏడు.

దాదాపు అదే కాలంలో రెండో మందు పశువుల కొట్టంలోంచి వచ్చింది. 1920ల్లో కెనడాలోనూ అమెరికా ఉత్తర మైదానాల్లోనూ పశువులకు ఒక వింత రోగం తగిలింది. కొమ్ములు కోస్తే రక్తం ఆగదు. కోడెకు విత్తులు కొడితే తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. గుయెల్ఫ్ పశువైద్య కళాశాలలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ ఒకే గడ్డివాము నుంచి మంచి పరకలూ బూజుపట్టిన పరకలూ వేరుచేసి కుందేళ్ళకు పెట్టి చూశాడు. బూజుపట్టింది తిన్నవే చచ్చాయి. స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం అది, తడిసి బూజుపడితే విషమవుతుంది. (ఈ స్కోఫీల్డ్‌కు ఇంకో జీవితం ఉంది. 1919లో కొరియాలో ఉండి, జపాన్ దొరతనం అక్కడ జరిపిన దారుణాలను ఫొటోలు తీసి లోకానికి చూపించాడు. ఆయన సమాధి సియోల్‌లో స్వాతంత్ర్య యోధుల మధ్య ఉంది.)

ఆ గడ్డిలో ఉన్నదేమిటో తేలడానికి ఒక రైతు మంచుతుఫానులో బయల్దేరాల్సి వచ్చింది. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఎడ్ కార్ల్‌సన్ చచ్చిన పెయ్యను, పాడైన గడ్డి మోపును, గడ్డకట్టని రక్తం నిండిన పాలక్యానును బండిలో వేసుకుని 300 కిలోమీటర్లు నడిపాడు. శనివారం కావడంతో పశువైద్యాధికారి ఆఫీసు మూసి ఉంది. తలుపు తెరిచి ఉన్న ఇంకో భవనంలోకి వెళితే అది కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాల. ఆ గడ్డి పెట్టడం మానెయ్యమనడం తప్ప లింక్ అప్పుడు ఆ రైతుకు చేయగలిగిందేమీ లేదు. ఆ క్యాను మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆరేళ్ళ తర్వాత, 1939లో, గడ్డిలోని పదార్థం స్ఫటికాలుగా చేతికొచ్చింది. దాని వరసలో తయారైన మరో మందును 1948లో వార్ఫరిన్ పేరుతో ఎలుకల మందుగా అమ్మారు. పరిశోధనకు డబ్బు పెట్టిన విస్కాన్సిన్ సంస్థ పేరులోని పొడి అక్షరాలే ఆ పేరులో ముందుభాగం.

ఎలుకల మందు మనుషుల మందు ఎలా అయింది? 1951లో ఒక అమెరికా సైనికుడు చనిపోవాలని దాన్ని రోజుల తరబడి మింగి కూడా బతికాడు. విటమిన్ కె ఇచ్చి, రక్తం ఎక్కించి కాపాడారు. విరుగుడు ఉన్న విషం వైద్యుడికి పనికొస్తుందని అప్పుడు ధైర్యం వచ్చింది. 1954లో మనుషులకు వాడడానికి అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కు గుండెపోటు వస్తే ఆయనకూ అదే ఇచ్చారు. అధ్యక్షుడే మింగాక ఇంకెవరు కాదంటారు?

అయితే ఈ మందులు నిజంగా ప్రాణం కాపాడతాయా అన్నది 1960 దాకా ఎవరూ తూకం వేసి చూడలేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే ఇద్దరు ఆ పని చేశారు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్న 35 మందిని రెండుగా విడదీశారు. మందు ఇవ్వని 19 మందిలో ఐదుగురు ఆ గడ్డతోనే పోయారు. మందు తీసుకున్న 16 మందిలో గడ్డతో పోయినవారు ఒక్కరూ లేరు. ఆ తర్వాత మందు ఇవ్వకుండా పోల్చి చూద్దామనడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇవాళ్టికీ ఈ వైద్యమంతా నిలబడి ఉన్నది ఆ 35 మంది భుజాల మీదనే.

ఇక్కడిదాకా క్యాన్సరు రోగికి ప్రత్యేకంగా ఒరిగింది తక్కువ. ఆస్పత్రిలో కొన్ని రోజులు నరంలోకి హెపారిన్, తర్వాత నెలల తరబడి వార్ఫరిన్ మాత్ర అన్నది అందరికీ ఒకే పద్ధతి. వార్ఫరిన్ చేసే పని విటమిన్ కె ని అడ్డుకోవడం. ఆ విటమిన్ ఆకుకూరల్లో పుష్కలం. అందుకని ఆ మాత్ర మింగేవారి ఇంట్లో వంటకు కూడా కొలత వచ్చింది. గోంగూర పూర్తిగా మానక్కర్లేదు, వారమంతా వదిలేసి ఆదివారం గిన్నెడు తినడం మాత్రం కుదరదు. తోటకూర, మునగాకు, పాలకూర అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మందు మోతాదు తెలియడానికి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేస్తారు. ఒక్కో ల్యాబులో ఒక్కో అంకె రావడంతో 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నిటినీ ఈ కొలతకు తెచ్చింది. మామూలుగా అది 2, 3 మధ్య ఉండాలి.

కీమో తీసుకుంటున్న మనిషికి ఈ అంకె నిలవడం కనాకష్టం. ఒక వారం వాంతులతో అన్నం దిగదు, అంకె పైకి లేస్తుంది. ఇంకో వారం యాంటీబయాటిక్ పడుతుంది, అంకె మళ్ళీ మారుతుంది. ఇటలీలోని పాదువా వైద్యులు 2002లో లెక్క తేల్చారు. మందు వాడుతుండగానే ఏడాదిలో మళ్ళీ గడ్డ వచ్చినవారు మామూలు రోగుల్లో 6.8 శాతమైతే, క్యాన్సరు రోగుల్లో 20.7 శాతం. పెద్దగా రక్తస్రావమైనవారు కూడా క్యాన్సరు వైపే రెట్టింపును మించి ఉన్నారు. ఒకే మనిషికి ఒకవైపు రక్తం పేరుకుంటుంది, ఇంకోవైపు కారుతుంది. ముందు నుయ్యి వెనుక గొయ్యి అనే మాట ఇలాంటి చోట పుట్టి ఉండాలి.

దారి మలుపు తిరిగింది 1996 మార్చిలో. హెపారిన్ అణువును చిన్న ముక్కలుగా విరగ్గొడితే, నరంలోకి ఎక్కించే పని లేకుండా పొట్ట మీది చర్మం కింద పొడిస్తే చాలు, ఎంత పనిచేస్తుందో ముందే లెక్క కట్టొచ్చు, రోజూ రక్తపరీక్ష అక్కర్లేదు. అలాంటప్పుడు రోగి ఆస్పత్రిలో ఎందుకు ఉండాలి? అమెరికా వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది, కెనడా నుంచి 500 మందితో ఒకటి, నెదర్లాండ్స్ వైద్యులు నడిపిన 400 మందిది ఇంకొకటి. ఇంట్లో ఇంజెక్షన్ చేసుకున్నవారూ, ఆస్పత్రిలో డ్రిప్ పెట్టించుకున్నవారూ ఒకే తీరుగా కోలుకున్నారు.

ఈ చిన్న ఫలితం తెలుగు జిల్లాలకు ఎంత పెద్దదో గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి మొదలైంది 1955లో. ఎన్.టి.రామారావు భార్య బసవతారకం క్యాన్సరుతో 1985లో పోతే, ఆమె పేరున ఆస్పత్రి 2000లో తెరుచుకుంది. ఆదిలాబాద్ నుంచి గానీ శ్రీకాకుళం నుంచి గానీ రాత్రంతా బస్సులోనో రైల్లోనో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని రావడమే గడ్డకు ఇంకో కారణం. వచ్చాక డ్రిప్ కోసం పది రోజులు ఉండాలంటే రోగికి మంచం, వెంట వచ్చినవాళ్ళకు వరండా. ఇంజెక్షన్ల సంచి ఐసుముక్కల అవసరం కూడా లేకుండా చేతికిచ్చి ఇంటికి పంపడం అంటే ఆ పది రోజులూ మిగిలినట్టు.

మిగిలిన రోజులు ఇంటికి వచ్చాయి, పని కూడా ఇంటికే వచ్చింది. 2003లో కెనడాకు చెందిన ఆగ్నెస్ లీ బృందం 672 మంది క్యాన్సరు రోగులను పరీక్షించి, వార్ఫరిన్‌తో ఆరు నెలల్లో 17 శాతం మందికి మళ్ళీ గడ్డ వస్తే, ఈ చిన్న ముక్కల హెపారిన్లలో ఒకటైన డాల్టెపారిన్ ఇంజెక్షన్‌తో 9 శాతానికే వచ్చిందని చూపించింది. దాంతో ఆరు నెలలపాటు రోజూ సూది అన్నది పద్ధతిగా స్థిరపడింది. ఆరు నెలలంటే 180 సూదులు. రోజుకు రెండుసార్లయితే 360. అన్నిటికీ నర్సును పిలవలేరు. ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు నేర్చుకోవాలి.

ఆ ఎవరో ఒకరు ఎవరన్నది సాధారణంగా ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. పెద్దకొడుకు చెయ్యి వణుకుతుంది. అల్లుడు ఫార్మసీ చదివినా పక్కకు తప్పుకుంటాడు. చివరికి ఇంటర్ తప్పిన చిన్నకూతురు పట్టుకుంటుంది. బొడ్డుకు రెండంగుళాలు పక్కగా చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి పట్టాలి, సూదిని నిటారుగా దించాలి, మందంతా పోయేదాకా చర్మం వదలకూడదు, తర్వాత రుద్దకూడదు. సిరంజిలో కనబడే గాలిబుడగను బయటికి నెట్టొద్దని చెబితే ఎవరూ ఓపట్టాన నమ్మరు. అది మందుతో పాటు వేసి ఉంచిందే. కన్నతల్లి పొట్టను అలా పట్టుకోవడమే కష్టం, సూది కాదు. తను పుట్టిన చోటు అది.

ఈ మందు ఎక్కడినుంచి వస్తుందో చాలా ఇళ్ళలో ఎవరూ చెప్పరు. హెపారిన్‌లో అధిక భాగం పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు, అందులోనూ సింహభాగం చైనాది. 2008లో చైనా నుంచి వచ్చిన ముడిసరుకులో వేరే పదార్థం కల్తీ జరిగి అమెరికాలో రోగులు చనిపోయాక గానీ ఈ సరఫరా దారి ఎంత పొడవో లోకానికి తెలియలేదు. ముస్లిం ఇళ్ళలోనూ, నీసు ముట్టని ఇళ్ళలోనూ ఇది అడగదగిన ప్రశ్నే. ప్రాణం మీదికొచ్చినప్పుడు మందుకు మినహాయింపు ఉందని పెద్దలు చెబుతారు. అయినా ముందు చెప్పి ఇవ్వడానికీ తర్వాత తెలియడానికీ తేడా ఉంటుంది.

చెప్పడం అన్నదే అసలు చిక్కు. పూర్వం మన ఊళ్ళలో రాచపుండు అనేవారు, ఆ మాట కూడా గొంతు తగ్గించి. ఇప్పటికీ రిపోర్టు చేతికి రాగానే డాక్టరును వరండాలోకి తీసుకెళ్ళి "నాన్నకి మాత్రం చెప్పొద్దు సార్" అని బతిమాలే పిల్లలు కోకొల్లలు. ఇది మన బలహీనత అనుకునేవారికి ఒక లెక్క. 1961లో అమెరికాలో 219 మంది వైద్యులను అడిగితే, దాదాపు 90 శాతం మంది క్యాన్సరు సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మళ్ళీ అడిగితే 97 శాతం మంది చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఒక దేశపు డాక్టర్ల నోరు ఇటు నుంచి అటు తిరిగింది. కాబట్టి దాచడం ఏ దేశపు సంప్రదాయమో అనుకోనక్కర్లేదు. మందు చేతిలో లేనప్పుడు ఎవరైనా దాచారు.

తెలుగు ఇళ్ళలో ఈ దాపరికానికి గడ్డ అన్న మాటే ఆసరా అయింది. క్యాన్సరు పేరు ఎత్తకుండా, "కాలిలో రక్తం గడ్డకట్టింది నాన్నా, దానికే ఈ సూదులు" అంటే అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఇరుగుపొరుగుకూ ఆ మాటే సరిపోతుంది. కాలి గడ్డ ముందు బయటపడి, దాని వెనక క్యాన్సరు దొరికిన ఇళ్ళలోనైతే ఈ మొదటి మాటే చివరిదాకా నిలిచిపోతుంది. త్రూసోకు లోపలి గడ్డను బయటపెట్టిన కాలు ఇక్కడ దాన్ని దాచిపెట్టే పని చేస్తోంది. అయితే ఆరు నెలలు రోజూ పొట్ట మీద సూది పొడిపించుకునే మనిషి అమాయకుడు కాడు. కాలి వాపు తగ్గాక కూడా సూది ఎందుకు ఆగలేదని ఏదో ఒక రోజు అడుగుతాడు. అడగకపోతే, తెలిసి ఊరుకున్నాడని అర్థం. ఇంటికి వచ్చిన వైద్యం దాపరికాన్ని ఎక్కువ రోజులు సాగనివ్వదు.

ఇంట్లోవాళ్ళు తెలుసుకోవలసిన మాటలూ కొన్ని ఉన్నాయి. వీటిని రక్తం పల్చబడే మందులని అంటాం గానీ అవి రక్తాన్ని పల్చన చేయవు, ఉన్న గడ్డను కరిగించవు కూడా. అది పెరక్కుండా, కొత్తది పుట్టకుండా ఆపుతాయి. కరిగించుకునేది ఒంటి సత్తువే, దానికి నెలలు పడుతుంది. కాలు వాచి ఉంటే మసాజు చేయకూడదు. హఠాత్తుగా ఆయాసం, గుండెలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం కనబడితే తెల్లారేదాకా ఆగకూడదు. పన్ను పీకించుకోవాలన్నా, బయాప్సీకి వెళ్ళాలన్నా, ప్లేట్‌లెట్లు పడిపోయినా ఈ సూది సంగతి ముందు చెప్పాలి. మందు ఏ రకంగానూ ఇవ్వలేని వారికి పెద్ద సిరలో జల్లెడ లాంటిది దించి గడ్డ పైకి పోకుండా పట్టే పద్ధతి ఉంది. 1973లో గ్రీన్‌ఫీల్డ్ అనే సర్జన్ దాన్ని ఒక చమురు ఇంజినీరుతో కలిసి తయారుచేశాడు. చమురు గొట్టాల్లో మడ్డిని పట్టే జల్లెడ దానికి నమూనా.

2018 నుంచీ సూది కూడా వెనక్కి తగ్గుతోంది. ఎడాక్సబాన్ మాత్ర ఇంజెక్షన్‌కు తీసిపోదని ఆ ఏడాది తేలింది, కాకపోతే పొట్ట, పేగు క్యాన్సర్లలో రక్తస్రావం ఎక్కువ చేసింది. 2020లో 1,155 మందితో జరిగిన పరిశోధనలో అపిక్సబాన్ మాత్ర తీసుకున్నవారిలో 5.6 శాతానికీ, డాల్టెపారిన్ సూది తీసుకున్నవారిలో 7.9 శాతానికీ మళ్ళీ గడ్డ వచ్చింది. పెద్ద రక్తస్రావాలు రెండువైపులా సమానంగా ఉన్నాయి. ఎవరికి ముందే ముప్పు ఉందో లెక్కకట్టే పద్ధతిని 2008లోనే అలోక్ ఖొరానా అనే క్యాన్సరు వైద్యుడు రూపొందించాడు. క్యాన్సరు ఎక్కడుంది, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, తెల్లకణాలు ఎన్ని, బరువెంత అన్న ఐదింటితో ఆ లెక్క తేలుతుంది. కీమో మొదలుపెట్టేముందు తీసే మామూలు రక్తపరీక్ష కాగితం మీదే అందులో మూడు అంకెలు ఉంటాయి.

అయినా మాత్ర అందరికీ పడదు. మింగలేనివారు, వాంతులు ఆగనివారు, పొట్టలో పుండు రక్తం కారుతున్నవారు ఇంకా సూది మీదే ఉన్నారు. అలాంటి ఇళ్ళలో వంటగది గోడకు వేలాడే క్యాలెండరును చూస్తే తెలుస్తుంది. పాలవాడి లెక్క రాసే గళ్ళలోనే, తిథి వారాల పక్కన, పెన్సిలుతో చిన్న అక్షరాలు ఉంటాయి. నిన్న పొట్టకు ఎడమ పక్క పొడిస్తే 'ఎ', ఇవాళ కుడి పక్క అయితే 'కు'. మధ్యలో ఏదో ఒక గడి ఖాళీగా ఉంటుంది. ఆ రోజు కీమోకు వెళ్ళారు, సూది అక్కడే వేశారు.